నాలుగు భాషల కాల్ సెంటర్: క్యూలు కలపాలా, విడిగా ఉంచాలా, ఎంతమందిని కూర్చోబెట్టాలి?

బడ్జెట్ సీజన్ వచ్చిందంటే పెద్ద కాల్ సెంటర్లలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "తెలుగు, హిందీ, తమిళం, కన్నడ క్యూలు విడివిడిగా ఎందుకు? అన్నీ కలిపేస్తే ఎన్ని సీట్లు తగ్గుతాయి?" సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: పది శాతం దాకా తగ్గుతాయి. ఆ లెక్క తప్పేం కాదు. కానీ ఆ పది శాతం ఎవరి దగ్గర నుంచి వస్తోందో చూడకుండా సంతకం పెట్టేస్తే, కొన్నాళ్లకే ఫ్లోర్ మీద మనుషులు నిలవరు.

నా సలహా ముందే చెప్పేస్తాను. క్యూలు కలపండి, అయితే అన్నీ ఒకే కుప్పగా కాకుండా రెండేసి భాషల జంటలుగా కలపండి. కలపడం వల్ల మిగిలే సీట్లలో సగమే తగ్గించండి, మిగతా సగం ఫ్లోర్ మీదే ఉండనివ్వండి. రోస్టర్ వేసేవాళ్లు, ఆపరేషన్స్ మేనేజర్లు పైవాళ్లకు చూపించుకోవడానికి పనికొచ్చేలా దీని వెనక లెక్క మొత్తం కింద ఇస్తున్నాను.

ముందు లెక్క

డెన్మార్క్‌కు చెందిన గణితవేత్త ఎర్లాంగ్, కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1909లోనూ, 1917లోనూ రాసిన పత్రాలే, ఎప్పుడు ఎంతమంది ఉండాలో చెప్పే ఇవాళ్టి డబ్ల్యూఎఫ్ఎం (వర్క్‌ఫోర్స్ మేనేజ్‌మెంట్) సాఫ్ట్‌వేర్లలోని లెక్కలకు పునాది. పని భారాన్ని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. గంటకు 300 కాల్స్ వస్తున్నాయి, మాట, హోల్డ్, ర్యాప్‌అప్ (కాల్ అయ్యాక నోట్స్ ఎక్కించే పని) అన్నీ కలిపి ఒక్కో కాల్‌కు 5 నిమిషాలు పడుతోంది అనుకోండి. ఈ సగటు సమయాన్నే ఏహెచ్‌టీ అంటారు. మొత్తం 1500 నిమిషాలు, అంటే గంటలో 25 గంటల పని వచ్చి పడుతోంది. అదే 25 ఎర్లాంగ్‌లు.

దానికి 25 మందిని పెడితే చాలదు. కాల్స్ వరస కట్టి రావు. ఒక నిమిషంలో రెండు వస్తే మరో నిమిషంలో తొమ్మిది వస్తాయి. 80 శాతం కాల్స్‌ను 20 సెకన్లలోపు ఎత్తాలన్నది చాలా చోట్ల పెట్టుకునే లక్ష్యం. దాన్ని అందుకోవాలంటే ఎర్లాంగ్ సి ఫార్ములా ప్రకారం 30 మంది లాగిన్‌లో ఉండాలి. నాలుగు భాషలకూ ఇదే భారం ఉంటే నాలుగు క్యూలకు 120 మంది.

ఇప్పుడు నాలుగూ కలిపేద్దాం. భారం 100 ఎర్లాంగ్‌లు. అదే లక్ష్యానికి 108 మంది చాలు. తమిళం క్యూలో ముగ్గురు కస్టమర్లు వేచి ఉన్న సమయంలోనే కన్నడ వైపు ఇద్దరు ఏజెంట్లు ఖాళీగా కూర్చోవడం అనే పరిస్థితి ఉండదు కాబట్టి 12 సీట్లు మిగులుతాయి. ప్రెజెంటేషన్లలో చూపించేది ఇంతవరకే.

ఆ 12 సీట్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

విడి క్యూలో ఒక ఏజెంట్‌కు రెండు కాల్స్ మధ్య సగటున దొరికే విరామం 60 సెకన్లు. 108 మందితో కలిపిన క్యూలో అది 24 సెకన్లు. ఆక్యుపెన్సీ, అంటే లాగిన్ సమయంలో ఏజెంట్ కాల్స్ పనిలో ఉండే వాటా, 83 శాతం నుంచి దాదాపు 93 శాతానికి పోతుంది. అవి కూడా సగటు లెక్కలే. కలిపిన క్యూలో సుమారు మూడింట ఒక వంతు కాల్స్, ముందు కాల్ ముగిసిన మరుక్షణమే చెవిలో బీప్ అంటూ పడతాయి.

ఏటీఎంలో నోట్లు రాలేదు, ఖాతాలో మాత్రం పదివేలు కట్ అయ్యాయి అని గొంతు పెంచి మాట్లాడిన కస్టమర్‌తో ఏడు నిమిషాలు గడిపిన అమ్మాయిని తీసుకోండి. కంప్లైంట్ నంబర్ ఇచ్చింది, నోట్స్ ఎక్కించింది. ర్యాప్‌అప్ అయిపోయింది, అది ఎలాగూ ఏహెచ్‌టీలో ఉంది. ఆ తర్వాత ఓ గుక్కెడు నీళ్లు తాగి, కుర్చీలో సర్దుకుని, తర్వాతి మనిషికి మామూలు గొంతుతో నమస్కారం చెప్పడానికి కొంచెం సమయం కావాలి. రిపోర్టులో ఆ సమయం "ఐడిల్" అన్న కాలమ్‌లో కనిపిస్తుంది. దాన్ని ఖర్చుగా చూసే మేనేజర్ దాన్ని కోస్తాడు. షిఫ్ట్ అంతా అదే జోరు సాగితే ఏడు గంటల ఫోన్ సమయంలో 70 కాల్స్ తీసుకునే మనిషి 77, 78 తీసుకోవాల్సి వస్తుంది. జీతం అదే. సాయంత్రం నాలుగు దాటాక వాళ్ల ఏహెచ్‌టీ ఎలా పెరుగుతుందో, ఆక్స్‌లోకి (కాల్స్ రాకుండా ఆపి ఉంచే స్థితిలోకి) వెళ్లడం ఎలా ఎక్కువవుతుందో ఏ టీఎల్‌ను (టీమ్ లీడర్‌ను) అడిగినా చెబుతారు.

ఇంకో ప్రమాదం ఉంది, అది కస్టమర్‌కు కూడా తగులుతుంది. ఫోర్‌కాస్ట్ ఏ రోజూ అచ్చంగా కుదరదు. పది శాతం కాల్స్ ఎక్కువ వచ్చాయనుకోండి. యాప్ అరగంట డౌన్ అయితే అంతకన్నా ఎక్కువే వస్తాయి. భారం 110 ఎర్లాంగ్‌లు, ఉన్నది 108 మంది. పని మనుషుల్ని మించిపోయింది. విసిగి ఫోన్ పెట్టేసేవాళ్లు లేకపోతే ఆ క్యూ పెరుగుతూనే ఉంటుంది.

నాలుగు రకాలుగా వేసి చూస్తే ఇలా ఉంటుంది. అంకెలన్నీ 5 నిమిషాల ఏహెచ్‌టీకి, సుమారుగా:

| అమరిక | విరామం | ఆక్యుపెన్సీ | 20 సెకన్లలో ఎత్తేవి | కాల్స్ 10 శాతం పెరిగితే |
|---|---|---|---|---|
| విడి క్యూలు, 120 మంది | 60 సెకన్లు | 83% | 82% | 55% |
| కలిపిన క్యూ, 108 మంది | 24 సెకన్లు | 93% | 81% | క్యూ అదుపు తప్పుతుంది |
| కలిపిన క్యూ, 114 మంది | 42 సెకన్లు | 88% | 95% | 54% |
| కలిపిన క్యూ, 120 మంది | 60 సెకన్లు | 83% | 99% | 87% |

మూడో వరస చూడండి. మామూలు రోజున 95 శాతం కాల్స్ 20 సెకన్లలో ఎత్తుతున్నారు, ఏజెంట్‌కు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంది, చెడ్డ రోజున పాత విడి క్యూలు ఎంత తట్టుకునేవో ఇదీ దాదాపు అంతే తట్టుకుంటుంది. కంపెనీకి 6 సీట్లు మిగిలాయి. మిగులులో సగమే తీసుకోండి అని నేననేది ఇందుకే. రెండో వరసకు సంతకం పెట్టమని ఎవరైనా అడిగితే చివరి గడి చూపించండి.

రెండో భాషలో కాల్ ఎంత సేపు పడుతుంది?

పై లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. నాలుగు భాషలూ ఒకే వేగంతో మాట్లాడగలిగే ఏజెంట్లు 108 మంది ఉన్నారన్నది ఆ ఊహ. అలాంటివాళ్లు దొరకరు. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు తెలుగు, హిందీ రెండూ నోట్లోకి వచ్చేస్తాయి నిజమే. అయినా నెల్లూరు నుంచి ఓ పెద్దాయన ఫోన్ చేసి "పాస్‌బుక్కులో పడలేదబ్బాయ్" అంటే మొదటి భాషగా తెలుగు మాట్లాడే ఏజెంట్ ఒక్కసారికే అందుకుంటాడు. రెండో భాషగా నేర్చుకున్నవాడు మళ్లీ అడుగుతాడు, వివరాలు మరోసారి చెప్పించుకుంటాడు.

ఏహెచ్‌టీ పది శాతం, అంటే 5 నిమిషాల కాల్ మీద 30 సెకన్లు పెరిగిందనుకుందాం. భారం 110 ఎర్లాంగ్‌లు అవుతుంది. అదే 80/20 లక్ష్యానికి కావలసినవాళ్లు 119 మంది. విడి క్యూలకు 120. అంటే అంత కష్టపడి నాలుగు భాషల ట్రైనింగ్ ఇచ్చి, బహుభాషా అలవెన్స్ ఇచ్చి, చివరికి మిగిలింది ఒక్క సీటు. క్యూలు కలిపే ముందు మీ సెంటర్‌లో రెండో భాష కాల్స్ ఏహెచ్‌టీని విడిగా తీయించండి. మొత్తం సగటులో అది కనపడదు.

మూడు దారుల్లో ఏది?

విడి క్యూలు, పూర్తి కలగలుపు, రెండు భాషల జంటలు. ఈ మూడింట్లో జంటలే ఎందుకు గెలుస్తాయో పరిశోధనలో చాలాకాలం కిందటే తేలింది. 1995లో జోర్డాన్, గ్రేవ్స్ కార్ల ఫ్యాక్టరీల మీద చేసిన పని ఉంది. ప్రతి ఫ్యాక్టరీ అన్ని మోడళ్లూ చేయగలగాల్సిన అవసరం లేదని, ఒక్కోటి రెండేసి మోడళ్లు చేస్తూ గొలుసులా కలిసి ఉంటే పూర్తి సౌలభ్యంలో వచ్చే లాభం దాదాపు అంతా వస్తుందని వాళ్లు చూపించారు. 2005లో వాలెస్, విట్ అదే విషయాన్ని కాల్ సెంటర్లకు వేసి చూశారు. ఏజెంట్‌కు రెండు స్కిల్స్ ఉంటే చాలు, ఫలితం అందరికీ అన్నీ వచ్చినప్పటికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఇంకో మేలు ఏమిటంటే, జంటల్లో ఎక్కువ కాల్స్ మొదటి భాష ఏజెంట్‌కే వెళ్తాయి. వందలో పదిహేను కాల్స్ మాత్రమే రెండో భాష వాళ్ల దగ్గరికి పొర్లితే, వాటికి పది శాతం ఎక్కువ సమయం పట్టినా మొత్తం భారం ఒకటిన్నర శాతమే పెరుగుతుంది.

జంటలు ఎలా కట్టాలన్నది మన ప్రాంతంలో మనుషులు ఎక్కడివాళ్లన్న దాన్ని బట్టి ఉంటుంది. తెలుగు-హిందీకి హైదరాబాద్ ఉంది. తెలుగు-తమిళానికి చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లు, తెలుగు-కన్నడకు హిందూపురం, అనంతపురం, బళ్లారి వాళ్లు, తెలుగు-ఒడియాకు ఇచ్ఛాపురం, శ్రీకాకుళం వాళ్లు. వీళ్లకు రెండు భాషలూ ఇంట్లోనూ బజారులోనూ వచ్చినవి. వీళ్ల రెండో భాష ఏహెచ్‌టీకి, మూడు నెలల ట్రైనింగ్‌తో నేర్చుకున్నవాళ్ల ఏహెచ్‌టీకి పోలిక ఉండదు. రిక్రూట్‌మెంట్ హైదరాబాద్ దాటి ఆ ఊళ్లకు వెళ్లాలి.

అయితే ఇలా కడితే గొలుసు రాదు, నక్షత్రం వస్తుంది. అన్ని జంటలూ తెలుగు మీదుగానే పోతాయి. తెలుగు క్యూ నిండిన రోజు నాలుగు వైపుల నుంచీ సాయం వస్తుంది, బాగానే ఉంటుంది. తమిళం క్యూ నిండితే మాత్రం సాయానికి తెలుగువాళ్లే దిక్కు. అందుకని కన్నడ-తమిళం వచ్చినవాళ్లను బెంగళూరు, హోసూరు వైపు నుంచి కొద్దిమందినైనా తీసుకుని గొలుసు మూయండి.

పండగలు కూడా చూసుకోవాలి. ఉగాది తెలుగువాళ్లకూ కన్నడిగులకూ ఒకే రోజు. ఆ రోజు తెలుగు-కన్నడ జంట ఒకరికొకరు పెద్దగా ఆదుకోలేరు, హిందీ వైపు సాయమే పనికొస్తుంది. సంక్రాంతికైతే సమస్య కాల్స్ కన్నా మనుషులది. హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది, కోస్తా జిల్లాల పిల్లలందరూ ఒకే మూడు రోజులకు లీవ్ పెడతారు. ఆ వారానికి ష్రింకేజ్ (లీవులు, బ్రేకుల్లాంటి వాటి వల్ల ఫోన్ దగ్గర లేనివాళ్ల శాతం) ఏడాది సగటుతో వేస్తే రోస్టర్ నిలబడదు.

రౌటింగ్ నియమాలు

జంటలు కట్టాక ఏసీడీలో (కాల్స్‌ను ఏజెంట్లకు పంచే సిస్టమ్‌లో) పెట్టాల్సినవి రెండే ముఖ్యం. ఒకటి, కాల్ వచ్చిన వెంటనే రెండు భాషల వాళ్లకూ తెరవొద్దు. మొదటి 10, 15 సెకన్లు సొంత భాష ఏజెంట్ కోసం ఆగనివ్వండి, అప్పటికీ దొరక్కపోతే జంటకు తెరవండి. రెండు, జంట వైపు ఒక్కరే ఖాళీగా ఉంటే ఆ ఒక్కరినీ ఇవ్వొద్దు. కనీసం ఇద్దరో ముగ్గురో ఖాళీగా ఉన్నప్పుడే సాయం వెళ్లాలి. ఈ రెండో నియమం లేకపోతే తమిళం క్యూను ఆదుకోబోయి తెలుగు క్యూ మునుగుతుంది, దాన్ని ఆదుకోబోయి హిందీ మునుగుతుంది. అప్పటికి అందరూ పరాయి భాషలో నెమ్మదిగా మాట్లాడుతూ ఉంటారు.

ఖాళీగా ఉన్నవాళ్లలో ఎవరికి కాల్ ఇవ్వాలన్న దానికి, ఎక్కువసేపు ఖాళీగా ఉన్నవాళ్లకే ముందు అన్న పాత పద్ధతిని నేను సమర్థిస్తాను. స్కోరు బాగున్న ఏజెంట్‌కే ముందు కాల్ వెళ్లేలా పెట్టే పద్ధతి ఇప్పుడు బాగా అమ్ముడవుతోంది. పని తక్కువగా ఉన్న వేళల్లో అది బాగా పనిచేసేవాళ్ల విరామాన్నంతా తినేస్తుంది, మిగతావాళ్లు కూర్చుంటారు. మంచి ఏజెంట్లకు ఇది శిక్ష. ముందుగా మానేసేది కూడా వాళ్లే. కష్టమైన కాల్స్, ఉదాహరణకు మోసపోయి డబ్బు పోగొట్టుకున్నవాళ్ల కాల్స్, అనుభవం ఉన్నవాళ్లకు వెళ్లాలంటే దానికి విడిగా ఒక స్కిల్ పెట్టి, ఆ కాల్స్‌కు ఏహెచ్‌టీ లక్ష్యం తీసేయడం మేలు.

చిన్న భాషల సంగతి విడిగా చెప్పాలి. ఒడియాకు గంటకు 30 కాల్సే వస్తాయనుకోండి, అంటే 2.5 ఎర్లాంగ్‌లు. దానికి సొంత క్యూ పెడితే 80/20కి ఐదుగురు కావాలి, వాళ్లు సగం సమయం ఖాళీగా ఉంటారు. నలుగురిని పెడితే 71 శాతానికి పడిపోతుంది. చిన్న క్యూలు ఎప్పుడూ ఖరీదైనవే. ఒడియా వచ్చిన తెలుగు ఏజెంట్లను తెలుగు క్యూలోనే కూర్చోబెట్టి, ఒడియా కాల్ వచ్చినప్పుడు అది ముందు వాళ్లకు వెళ్లేలా పెడితే చాలు.

ఐవీఆర్‌లో (కాల్ చేయగానే ఏ నంబర్ నొక్కాలో చెప్పే రికార్డెడ్ మెనూలో) భాష ఎంపికను కూడా ఓసారి పరిశీలించండి. ఇంగ్లిష్ నొక్కితే త్వరగా ఎత్తుతారని తెలిసి, ఇంగ్లిష్ నొక్కి "తెలుగులో మాట్లాడొచ్చా?" అని అడిగేవాళ్లు చాలామంది. మీ ఇంగ్లిష్ ఫోర్‌కాస్ట్‌లో వాళ్లూ ఉన్నారు. ఆ నంబర్ నుంచి పోయినసారి కాల్ ఏ భాషలో ముగిసిందో గుర్తుపెట్టుకుని, ఈసారి ముందే ఆ భాష క్యూలో వేసే సదుపాయం చాలా ప్లాట్‌ఫామ్‌లలో ఉంది. వాడండి.

వేచి ఉండమనడమా, మనమే తిరిగి చేయడమా?

"మీ స్థానం పోకుండా మేమే కాల్ చేస్తాం" అనే కాల్‌బ్యాక్ వల్ల మొత్తం పని తగ్గదు, పీక్ నుంచి పక్కకు జరుగుతుందంతే. పదకొండింటికి రద్దీగా ఉండి రెండింటికి తగ్గిపోయే సెంటర్‌కు ఇది చక్కగా సరిపోతుంది. రోజంతా ఒకే రకంగా నిండి ఉండే సెంటర్‌లో పెడితే సాయంత్రానికి బాకీ కాల్స్ గుట్ట మిగులుతుంది.

మన దేశంలో మరో చిక్కు, తెలియని నంబర్ ఎత్తేవాళ్లు తక్కువ. బ్యాంకులు, బీమా సంస్థల సేవా కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్ల సిరీస్ తెచ్చింది ఈ నమ్మకం కోసమే. కాల్‌బ్యాక్ పెట్టేటట్టయితే ఏ నంబర్ నుంచి, సుమారు ఎన్ని గంటలకు వస్తుందో ముందే మెసేజ్ పంపండి, ఎత్తకపోతే ఇంకొకసారి మాత్రం ప్రయత్నించండి. ఆ రెండో ప్రయత్నపు సమయం కూడా ఏహెచ్‌టీలో కలపాలి.

అత్యవసర సేవలకు ఈ చర్చంతా వర్తించదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ నుంచి మొదలైన 108 అంబులెన్స్ సేవ లాంటి చోట కాల్‌బ్యాక్, పొర్లించే ముందు పదిహేను సెకన్ల ఆగింపు, 88 శాతం ఆక్యుపెన్సీ, ఇవేవీ ఉండకూడదు. అక్కడ ఖాళీగా ఉన్న మనిషే అసలు సేవ.

మనుషుల్ని ఏ రూపంలో తీసుకోవాలి?

లాగిన్‌లో 114 మంది కావాలంటే రోస్టర్‌లో 114 మందిని వేస్తే సరిపోదు. లీవులు, వీకాఫ్ సర్దుబాట్లు, బ్రేకులు, ట్రైనింగ్, టీమ్ మీటింగులు కలిసి ష్రింకేజ్ 30 శాతం ఉందనుకుంటే 163 మంది కావాలి. 114ను 0.7తో భాగించాలి. 1.3తో హెచ్చించి 149 అనేవాళ్లు చాలా చోట్ల కనిపిస్తారు, అక్కడే 14 మంది తగ్గిపోతారు.

కాల్స్ ఆకారం సాధారణంగా రెండు మూపురాల ఒంటెలా ఉంటుంది, ఉదయం ఒక ఎత్తు, సాయంత్రం ఇంకో ఎత్తు. తొమ్మిది గంటల పూర్తి షిఫ్టులతో ఆ రెండు ఎత్తుల్నీ కప్పాలంటే మధ్యాహ్నం అనవసరంగా మనుషులు మిగులుతారు. షిఫ్టును రెండుగా విరిచి ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు రమ్మనడం కాగితం మీద బాగుంటుంది కానీ ఉప్పల్ నుంచి గచ్చిబౌలి రోజుకు రెండుసార్లు ఎవరూ రారు. నేనైతే ఆఫీసుకు వచ్చేవాళ్లకు స్ప్లిట్ షిఫ్ట్ ఎప్పుడూ వేయను.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు మాత్రం అది నిజంగా నప్పుతుంది. 2020 నవంబరులో టెలికాం శాఖ, కాల్ సెంటర్లకు వర్తించే ఓఎస్‌పీ (అదర్ సర్వీస్ ప్రొవైడర్) మార్గదర్శకాలను సడలించాక ఇంటి నుంచి కాల్స్ తీసుకోవడానికి అడ్డంకులు బాగా తగ్గాయి, 2021 జూన్‌లో ఇంకొంత సడలించారు. వరంగల్‌లోనో, హిందూపురంలోనో ఇంట్లో ఉండి, పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు పనిచేయాలనుకునే తల్లులు, డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు. భాషల జంటలకు కావలసిన ఊళ్లు కూడా అవే అని గమనించండి. బ్యాంకు ఖాతా వివరాలు చూసే పనికి ఇల్లు సరిపోదని మీ సెక్యూరిటీ వాళ్లు అనొచ్చు, అది న్యాయమైన అభ్యంతరమే. ఖాతా వివరాలు తెరవాల్సిన పనిలేని కాల్స్‌ను, అంటే బ్రాంచి వేళలు, పథకాల సమాచారం, అప్లికేషన్ ఎలా నింపాలి లాంటివాటిని విడదీసి ఇళ్లకు పంపండి.

బయటి బీపీవోకు ఇవ్వాలనుకుంటే, ప్రతి క్యూలోనూ పొర్లిపోయినవి మాత్రమే ఇవ్వడం చెడ్డ పద్ధతి. వాళ్ల ఏజెంట్లకు అన్ని రకాల కాల్సూ కొంచెం కొంచెం వస్తాయి, దేంట్లోనూ చేయి తిరగదు. ఒక రకం కాల్స్ మొత్తంగా ఇవ్వండి. డబ్బు ఎలా లెక్కకట్టాలన్నదీ ఆలోచించాలి. నిమిషానికి ఇస్తే కాల్స్ సాగుతాయి, కాల్‌కు ఇస్తే త్వరగా పెట్టేస్తారు, కస్టమర్ మళ్లీ చేస్తాడు, మళ్లీ బిల్లు వస్తుంది. సీటుకు ఇచ్చి, అదే కస్టమర్ వారంలోపు అదే సమస్యతో మళ్లీ చేసిన కాల్స్ మీద కోత పెట్టడం ఉన్నవాటిలో మెరుగు.

లక్ష్యం ఏది పెట్టుకోవాలి?

టెలికాం కంపెనీల కాల్ సెంటర్లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన ప్రమాణం, ఆపరేటర్‌తో మాట్లాడే కాల్స్‌లో 95 శాతం 90 సెకన్లలోపు ఎత్తాలని. 80/20 కన్నా ఇది సడలింపుగా కనిపిస్తుంది. పెద్ద క్యూలో రెండూ దాదాపు ఒకటే. మన 100 ఎర్లాంగ్‌ల ఉదాహరణలో దీనికి 107 మంది, దానికి 108 మంది. కాబట్టి ఏ అంకె అన్నదాని మీద సమావేశాలు పెట్టే బదులు ఎంత వ్యవధికి కొలుస్తున్నారో చూడండి. రోజు మొత్తానికి 80 శాతం వచ్చిందంటే పొద్దున 40, మధ్యాహ్నం 98 అయి ఉండొచ్చు. పొద్దున ఫోన్ చేసినవాళ్లకు మీ మధ్యాహ్నంతో పనేముంది? అరగంటకోసారి కొలిచి, రోజులో ఎన్ని అరగంటలు లక్ష్యాన్ని అందుకున్నాయో చెప్పే రిపోర్టు అడగండి.

ఎర్లాంగ్ సి ఫార్ములా ఎవరూ ఫోన్ పెట్టేయరన్న ఊహ మీద నడుస్తుంది. అందుకే రద్దీ బాగా ఉన్నప్పుడు అది మనుషుల్ని ఎక్కువ చూపిస్తుంది. స్వీడన్‌కు చెందిన పామ్ 1940లలో కస్టమర్ ఓపికను కూడా లెక్కలోకి తెచ్చాడు, దాన్నే ఎర్లాంగ్ ఎ అంటారు. మీ సెంటర్‌లో ఫోన్ పెట్టేసేవాళ్లు నూటికి నలుగురైదుగురు దాటితే ఇదే వాడాలి. కానీ ఆ అంకె తగ్గించి చూపింది కదా అని సంతోషపడొద్దు, ఆ తగ్గింపు విసిగి వెళ్లిపోయిన కస్టమర్ల వల్ల వచ్చింది. భాషల జంటలు, పొర్లింపు నియమాలు పెట్టాక ఏ ఫార్ములా సరిగ్గా కుదరదు, సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో నమూనాగా నడిపి చూడటం) నడపాలి. పోయిన నెల కాల్ రికార్డులు ఇచ్చి నడిపించమని మీ ప్లాట్‌ఫామ్ వాళ్లను అడగండి. వాళ్లు సొంతంగా తయారుచేసిన డేటాతో చూపించే డెమోను లెక్కలోకి తీసుకోవద్దు.

మీ సెంటర్ సైజుకు ఏది?

లాగిన్‌లో ఇరవై ముప్పై మంది దాటని సెంటరైతే భాషల మధ్య గోడలు పెట్టుకునే స్థోమతే లేదు. రెండు భాషలు వచ్చినవాళ్లనే తీసుకోండి, మొత్తం కలిపేయండి, సీట్లు తగ్గించే ఆలోచన చేయొద్దు.

వంద నుంచి మూడు వందల మధ్య ఉన్నవాళ్లకు ఈ వ్యాసంలో చెప్పిన జంటలు, పదిహేను సెకన్ల ఆగింపు, సగం మిగులు నేరుగా పనికొస్తాయి. ముందు ఒక్క జంటతో, తెలుగు-హిందీతో మొదలుపెట్టి, రెండో భాష ఏహెచ్‌టీ తేలాక మిగతావి కట్టండి.

అయిదు వందలు దాటితే కలపడం వల్ల వచ్చే లాభం తరిగిపోతుంది. హాల్ఫిన్, విట్ 1981లో గట్టిపరిచిన వర్గమూల నియమం ప్రకారం, భారానికి మించి ఉంచుకోవాల్సిన మనుషులు భారం వర్గమూలానికి అనుగుణంగా పెరుగుతారు. 100 ఎర్లాంగ్‌లకు 10 మంది అదనం అయితే 400కు 20 మంది చాలు, 40 అక్కర్లేదు. అప్పటికే అదనం 10 శాతం నుంచి 5 శాతానికి దిగింది, ఇంకా పిండడానికి పెద్దగా ఏమీ లేదు. హైదరాబాద్, వైజాగ్ సెంటర్లను ఒకే క్యూగా చేద్దాం అన్న ప్రతిపాదన వస్తే ఈ కారణంతో నేను వద్దంటాను. ఒక సెంటర్ లింక్ పోతే రెండోది ఆదుకునే ఏర్పాటు మాత్రం తప్పనిసరిగా ఉంచండి. మిగతా రోజుల్లో ఎవరి క్యూ వాళ్లదే ఉంటే, తన టీమ్‌కు ఏ రకం కాల్స్ ఎందుకు పెరుగుతున్నాయో టీఎల్‌కు కనిపిస్తుంది, ఆ కాల్స్ రాకుండా చేసే పని అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.